పిల్లల వైద్యానికి ప్రభుత్వ సేవలు, ఆరోగ్యశ్రీ ఎలా అందుకోవాలి?

“బాబుకి గుండెలో రంధ్రం ఉందన్నారు, ఆరోగ్యశ్రీలో చేస్తారా?” “పాపకి రెండేళ్లు నిండాయి, ఇంకా మాటలు రాలేదు, ఎవరికి చూపించాలి?” “రేషన్ కార్డులో పిల్లాడి పేరు ఇంకా ఎక్కలేదు, ఇప్పుడు ఆపరేషన్ ఎలా?” ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే పదిమందికీ పనికొస్తుందని రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉండే తల్లిదండ్రుల కోసం ఇది.

చాలామంది పథకం పేరు పట్టుకుని బయల్దేరతారు. ఫలానా కార్డు ఉందా లేదా అన్నదగ్గరే ఆగిపోతారు. పథకాల పేర్లు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి. మీరు పట్టుకోవాల్సింది బిడ్డ వయసు, బిడ్డ సమస్య. ఎక్కడికి వెళ్లాలో ఆ రెండే చెబుతాయి. పైగా పిల్లలకు అందే సేవల్లో చాలావాటికి ఏ కార్డూ అక్కర్లేదు. టీకాలకు కార్డు అడగరు. అంగన్‌వాడీలో బరువు తూచడానికి అడగరు. పుట్టుకతో వచ్చిన లోపాల పరీక్షకూ అడగరు. కార్డు అవసరం ప్రధానంగా పెద్ద ఆపరేషన్లు, ఖరీదైన చికిత్సల దగ్గరే వస్తుంది.

ప్రాణం మీదికి వస్తే మాత్రం కింద రాసినవన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. పసిబిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పసుపుదనం అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా కాగితాలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. కాగితాలు తర్వాత ఇంట్లోవాళ్లు తెచ్చి ఇస్తారు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొని, బిడ్డ పేరు రాసి, ఇవన్నీ అందులో పెట్టండి.

- మాతా శిశు సంరక్షణ కార్డు. ఎంసీపీ కార్డు, టీకాల కార్డు అని పిలిచేది ఇదే.
- జనన ధ్రువపత్రం.
- తల్లి, తండ్రి, బిడ్డ ఆధార్.
- రేషన్ కార్డు. ఆంధ్రలో బియ్యం కార్డు, తెలంగాణలో ఆహార భద్రత కార్డు.
- ఇప్పటిదాకా చూపించిన ఓపీ చీటీలు, రిపోర్టులు, స్కాన్లు, డిశ్చార్జి సమ్మరీలు, తేదీల వరుసలో.
- తల్లి లేదా తండ్రి ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ నంబరు. ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది కాబట్టి ఆసుపత్రికి వెళ్లేవాళ్ల దగ్గర ఆ ఫోన్ ఉండాలి.

ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అసలు కాగితం ఎవరికైనా ఇస్తే జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి.

1. బిడ్డ పుట్టిన వెంటనే పేరు రికార్డుల్లోకి ఎక్కించండి

తర్వాత వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే తప్పుతాయి. పుట్టిన 21 రోజుల్లోపు జననాన్ని ఉచితంగా నమోదు చేస్తారు. ఆసుపత్రిలో కాన్పయితే వివరాలు ఆసుపత్రివాళ్లే పంపుతారు. నమోదు అయిందో లేదో కనుక్కుని సర్టిఫికెట్ తెచ్చుకోవడం మాత్రం మీ పనే. ఇంకా పేరు పెట్టలేదని ఆగొద్దు. పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు ఉచితంగా పేరు చేర్పించుకోవచ్చు.

తర్వాత ఆధార్. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. ముఖం ఫొటో తీసి తల్లి లేదా తండ్రి ఆధార్‌కి జతచేస్తారు. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లకు ఇంకోసారి వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలి. చాలామంది ఇది మర్చిపోతారు, ఆసుపత్రి కౌంటర్ దగ్గర ముద్రలు సరిపోలక టెన్షన్ పడతారు.

ఆ తర్వాత రేషన్ కార్డులో చేర్పించండి. ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో దరఖాస్తు పెట్టాలి. రసీదు నంబరు దాచుకోండి.

సరిచూసుకునే పద్ధతి: ఆధార్, జనన ధ్రువపత్రం, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టి బిడ్డ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చండి. ఒకదాంట్లో “సాయి”కి చివర వై, ఇంకోదాంట్లో ఐ ఉంటే అప్రూవల్ దగ్గర ఆగిపోయే అవకాశం ఉంది. అవసరం లేని రోజుల్లోనే దిద్దించుకోండి.

2. మీ ఊళ్లో ఉన్న ముగ్గురిని తెలుసుకోండి

ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం (టీకాలు వేసే నర్సు), అంగన్‌వాడీ టీచర్. ఈ ముగ్గురి ఫోన్ నంబర్లు మీ దగ్గర లేకపోతే ఇవాళే తీసుకోండి. టౌన్లో అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు సాధారణంగా వీళ్లెవరో తెలియదు. దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికో, తెలంగాణలో బస్తీ దవాఖానాకో వెళ్లి “మా వీధి ఏ ఆశా పరిధిలోకి వస్తుంది?” అని అడిగితే చెబుతారు.

ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు. రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి, అందులో మొహమాటం ఏమీ లేదు.

ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, తిండి అన్నీ ఉచితం. బిడ్డకు జబ్బు చేస్తే ఏడాది వయసు దాకా ప్రభుత్వాసుపత్రిలో చికిత్స, ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి తీసుకెళ్లే వాహనం కూడా ఉచితమే. తిరిగి ఇంటికి దింపడానికి 102 వాహనం ఉంటుంది. “బయట నుంచి మందులు తెచ్చుకోండి” అని చీటీ రాసిస్తే ఆ చీటీ పట్టుకుని సూపరింటెండెంట్ ఆఫీసుకు వెళ్లి అడగండి.

3. టీకాలు తప్పిపోతే మళ్లీ మొదలుపెట్టించండి

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్ బి. తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్. వీటితోపాటు 6, 14 వారాలకు న్యుమోకోకల్, పోలియో ఇంజెక్షన్. 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా, న్యుమోకోకల్ బూస్టర్, విటమిన్ ఎ. 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్లు, తట్టు, రుబెల్లా రెండో డోసు. 5 నుంచి 6 ఏళ్ల మధ్య ఇంకో బూస్టర్. 10, 16 ఏళ్లకు టీడీ, అంటే ధనుర్వాతం, కంఠసర్పి టీకా. సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు.

ఎక్కువమంది పొరపడే విషయం ఒకటుంది. ఒక డోసు ఆలస్యమైతే మొత్తం మొదటి నుంచి వేయించాలేమోనని భయపడి అసలు వెళ్లడమే మానేస్తారు. మొదటి నుంచి అక్కర్లేదు, ఆగినచోటు నుంచి కొనసాగిస్తారు. కానీ కొన్ని టీకాలకు వయసు దాటితే వేయరు. అందుకే తప్పిపోయిందని తెలిసిన రోజే ఏఎన్‌ఎంతో మాట్లాడండి. పని కోసం వేరే ఊరు వెళ్లినా అక్కడి ఆరోగ్య కేంద్రంలో వేస్తారు, కార్డు తీసుకెళ్తే చాలు. కొంత ప్రైవేటులో, కొంత ప్రభుత్వంలో వేయించినా ఇబ్బంది లేదు.

సరిచూసుకునే పద్ధతి: కార్డు మీద టీకా పేరుకు ఎదురుగా తేదీ పడిందా, తర్వాత ఎప్పుడు రావాలో రాశారా అన్నది అక్కడే చూసుకోండి. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోండి. కేంద్ర ప్రభుత్వ యూ-విన్ పోర్టల్‌లో మీ ఫోన్ నంబరుతో నమోదైతే సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతుంది.

4. అంగన్‌వాడీకి నెలకోసారి తీసుకెళ్లండి, పట్టీ కొలత చూడండి

బాలామృతం ప్యాకెట్ కోసం వెళ్లి వచ్చేయడం కాదు. బరువు తూయించి, కార్డులోని గ్రాఫ్ మీద చుక్క పెట్టించండి. గ్రాఫ్ గీత పైకి పోతుందా, అడ్డంగా నిలబడిందా, కిందికి దిగిందా అన్నది మీకూ కనిపిస్తుంది.

6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లలకు చేతి చుట్టుకొలత పట్టీ ఉంటుంది. ఎడమ చేతికి, భుజానికి మోచేతికి మధ్యలో, పట్టీని చర్మానికి ఆనేలా చుడతారు. నొక్కి బిగించకూడదు, వదులుగా వేలాడకూడదు. ఆకుపచ్చ రంగు పడితే సరే. పసుపు, అంటే 11.5 నుంచి 12.5 సెంటీమీటర్ల మధ్య పడితే జాగ్రత్తపడాలి. ఎరుపు, అంటే 11.5 కంటే తక్కువ పడితే తీవ్రమైన పోషకాహార లోపం. రెండు పాదాలు వాచి, నొక్కితే గుంట పడుతున్నా అంతే తీవ్రం. అలాంటి బిడ్డకు ఆకలి లేకపోయినా, జ్వరం, విరేచనాల వంటివి ఉన్నా పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలి. దాన్ని ఎన్‌ఆర్‌సీ అంటారు. తల్లి కూడా బిడ్డతోనే ఉంటుంది, భోజనం అక్కడే. కూలి పోతుందని ఆగిపోయే తల్లులకు రోజుకు ఇంత అని పరిహారం కూడా ఇస్తారు. ఈ సంగతి తెలియకే చాలామంది వెనకాడతారు.

5. పుట్టుకతో వచ్చిన లోపమా, ఎదుగుదల ఆలస్యమా? ఆర్‌బీఎస్‌కే దారి పట్టండి

నన్ను అడిగితే, అన్ని సేవల్లో ఎక్కువగా ఉపయోగపడేదీ తక్కువమందికి తెలిసిందీ ఇదే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షిస్తారు. గ్రహణం మొర్రి, వంకర పాదాలు, గుండె లోపాలు, పుట్టు శుక్లాలు, వినికిడి లోపం, రక్తహీనత, దంతాల జబ్బులు, నడక, మాట ఆలస్యం కావడం వంటివి ఇందులోకి వస్తాయి. సంచార వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒకసారి వెళ్లాలి. తేడా కనిపిస్తే రిఫరల్ చీటీ ఇస్తారు. జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది, డీఈఐసీ అంటారు. పిల్లల డాక్టర్, ఫిజియోథెరపిస్ట్, మాటలు నేర్పే థెరపిస్ట్, సైకాలజిస్ట్ లాంటివాళ్లు అక్కడ ఒకేచోట ఉండాలి.

ఇలా చేయండి. బడి నుంచి చీటీ వస్తే దాన్ని పుస్తకాల సంచిలో వదిలేయకండి. అది పట్టుకుని డీఈఐసీకి వెళ్లండి. ప్రైవేటు బడి పిల్లలైనా, బడికి వెళ్లని పిల్లలైనా ఆగక్కర్లేదు. పీహెచ్‌సీ డాక్టర్‌కి చూపించి రిఫరల్ రాయించుకోండి, లేదా జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ ఎక్కడో అడిగి నేరుగా వెళ్లండి.

ఇక్కడ ఆలస్యానికి పడే మూల్యం పెద్దది. “మా ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకి కూడా నాలుగేళ్లకే వచ్చాయి” అని పెద్దవాళ్లు అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ పుట్టుకతో చెవుడు ఉన్న బిడ్డకు వినికిడి యంత్రం గానీ కాక్లియర్ ఇంప్లాంట్ గానీ చిన్న వయసులో పెడితేనే మాట బాగా వస్తుంది. ప్రభుత్వం ఉచితంగా చేసే ఇంప్లాంట్‌కి వయసు పరిమితి ఉంది. అది దాటాక మీరెంత తిరిగినా పని జరగదు. వంకర పాదాలకు మొదటి వారాల్లోనే ప్లాస్టర్ కట్లు వేయడం మొదలుపెడితే చాలావరకు పెద్ద ఆపరేషన్ లేకుండానే సరవుతాయి.

ఇవి చూసుకోండి: మూడు నాలుగు నెలలకు మెడ నిలబడాలి, పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడాలి. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి. ఏడాదిన్నరకు నడవాలి, అర్థమయ్యే మాటలు కొన్ని రావాలి. రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పాలి. ఏది జరగకపోయినా “ఇంకో మూణ్నెల్లు చూద్దాం” అనుకోకుండా వెళ్లి చూపించండి. ఏమీ లేదని చెబితే మంచిదే కదా.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లిదండ్రులు దీన్ని తప్పకుండా గుర్తుంచుకోండి. 34 వారాలకు ముందు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువ బరువున్నా, పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి. మరీ ముందు పుట్టినవాళ్లకు రెండు మూడు వారాలకే. నవజాత శిశువుల యూనిట్ నుంచి డిశ్చార్జి అయ్యేటప్పుడు “ఆర్‌ఓపీ పరీక్ష అయిందా, మళ్లీ ఎప్పుడు?” అని అడిగి, జవాబు డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి. బయటికి కళ్లు మామూలుగానే కనిపిస్తాయి. పరీక్ష చేయకపోతే తెలియదు, ఆలస్యమైతే చూపు తిరిగి రాదు.

6. ఆపరేషన్, ఖరీదైన చికిత్స కావాలంటే: డబ్బు కట్టకముందే ఆరోగ్యమిత్రను కలవండి

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకానికి కొనసాగింపే ఈ రెండూ. తెలంగాణలో కుటుంబానికి పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అర్హత, పరిమితుల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీ కేసు సంగతి 104కి ఫోన్ చేసి కనుక్కోండి.

ఇది నగదు లేకుండా చేసే చికిత్స. మీరు ముందే డబ్బు కట్టి, ఆపరేషన్ చేయించి, ఆ బిల్లులు పట్టుకెళ్లి ఈ పథకంలో వెనక్కి అడిగితే రావు. ఈ ఒక్క విషయం తెలియక పుస్తెలు తాకట్టు పెట్టినవాళ్లు ఎందరో. అందుకని వరుస ఇలా పాటించండి.

మొదట, ప్రభుత్వాసుపత్రి లేదా పీహెచ్‌సీ డాక్టర్ దగ్గర జబ్బు ఏమిటో, ఏ చికిత్స కావాలో రాయించుకోండి. రిఫరల్ లేకుండా నేరుగా నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రికి, వెళ్లినా చూస్తారు. కానీ చీటీ ఉంటే మాట తేలిక.

ఆసుపత్రికి వెళ్లగానే బిల్లింగ్ కౌంటర్‌కి కాదు, ఆరోగ్యమిత్ర కౌంటర్‌కి వెళ్లండి. పథకం కింద వచ్చేవాళ్లకు సాయం చేయడానికి ఆసుపత్రిలో ఉండే మనిషి ఈ మిత్ర. వైద్యమిత్ర అన్నా అదే. సాధారణంగా గేటు లోపలే, రిసెప్షన్ దగ్గర పథకం బోర్డుతో చిన్న టేబుల్ ఉంటుంది. బిల్లింగ్‌లో ఒకసారి “క్యాష్ పేషెంట్”గా పేరు ఎక్కితే తర్వాత మార్పించడం తలనొప్పి. మిత్రను ఈ మూడూ అడగండి:

- పిల్లల ఈ జబ్బుకి ఈ ఆసుపత్రికి అనుమతి ఉందా? ఆసుపత్రి పథకంలో ఉన్నంత మాత్రాన అన్ని విభాగాలూ ఉండవు. ఎముకల విభాగానికి అనుమతి ఉన్నచోట పిల్లల గుండె ఆపరేషన్‌కి ఉండకపోవచ్చు.
- ఈ చికిత్స ప్రభుత్వాసుపత్రుల్లో మాత్రమే చేయాల్సిన జాబితాలో ఉందా?
- అప్రూవల్‌కి ముందు చేసే పరీక్షల డబ్బు ఎవరు పెట్టుకోవాలి?

రేషన్ కార్డులో బిడ్డ పేరు ఇంకా ఎక్కకపోతే జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్, వాళ్ల కార్డు, చేర్చమని పెట్టిన దరఖాస్తు రసీదు చూపించండి. కౌంటర్‌లో “పేరు లేదు, కుదరదు” అంటే ఆ మాటతో ఇంటికి రాకండి. అక్కడే నిలబడి 104కి ఫోన్ చేయండి.

తర్వాత ఆసుపత్రి రిపోర్టులు అప్‌లోడ్ చేసి పథకం నడిపే ట్రస్టును ముందస్తు అనుమతి అడుగుతుంది. కేసు నంబరు తీసుకుని రాసుకోండి. ఆలస్యమైతే మిత్రను “క్వెరీ ఏమైనా పెట్టారా?” అని అడగండి. ఏదో ఒక రిపోర్టు గానీ ఫొటో గానీ తక్కువైందని కేసు ఆగిపోయి ఉంటుంది, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. కారణం తెలిస్తే ఇంకో ఆసుపత్రి ద్వారా గానీ, సరైన రిపోర్టుతో గానీ మళ్లీ ప్రయత్నించవచ్చు. అత్యవసరమైతే ఫోన్ మీద అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే వీలుంది.

“ముందు కొంత కట్టండి, అప్రూవల్ రాగానే ఇచ్చేస్తాం” అన్నా, “పథకంలో వచ్చే పరికరం మంచిది కాదు, తేడా డబ్బు మీరు పెట్టుకోండి” అన్నా ఒప్పుకోకండి. ప్యాకేజీలో పరీక్షలు, మందులు, ఇంప్లాంట్లు, భోజనం, తిరుగు ప్రయాణ ఖర్చు కలిసే ఉంటాయి. తప్పనిసరై కట్టాల్సి వస్తే రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

పని సరిగ్గా జరిగిందో లేదో డిశ్చార్జి రోజు చూసుకోండి. మీరు సంతకం పెట్టే కాగితం మీద మీకు అందినవే రాసి ఉన్నాయా? దారి ఖర్చు ఇచ్చారా? మందులు ఎన్ని రోజులకు ఇచ్చారు? మళ్లీ ఎప్పుడు రావాలి, ఆ చూపించుకోవడం కూడా పథకంలోనే ఉందా? కొన్ని జబ్బులకు ఆపరేషన్ తర్వాతి మందులు, పరీక్షలు కూడా ఉచితం. అడగనివాళ్లు బయట కొనుక్కుంటున్నారు.

గుండె సమస్యలకు తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 నుంచి పనిచేస్తోంది. అరుదైన జన్యు వ్యాధులకు హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే జన్యు పరీక్షల సంస్థ కలిసి కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద అర్హత ఉన్న జబ్బుకు 50 లక్షల రూపాయల దాకా సాయం దొరుకుతుంది. దానికి ఆ కేంద్రంలోనే నమోదు కావాలి.

7. ఆరోగ్యశ్రీ వర్తించకపోతే

తల్లి గానీ తండ్రి గానీ ఉద్యోగం చేస్తూ నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్‌ఐ ఉందేమో చూడండి. ఉంటే పిల్లలకూ వర్తిస్తుంది. పూర్తిగా తల్లిదండ్రుల మీదే ఆధారపడి చదువుకుంటున్న కొడుక్కి 21 ఏళ్ల దాకా, కూతురికి పెళ్లయ్యేదాకా. పుట్టిన బిడ్డను కుటుంబ వివరాల్లో చేర్పించమని కంపెనీ హెచ్‌ఆర్‌కి వెంటనే చెప్పండి. వైద్యం ఈఎస్‌ఐ డిస్పెన్సరీ నుంచే మొదలవ్వాలి.

ఆయుష్మాన్ భారత్‌లో మీ కుటుంబం పేరు ఉంటే ఏడాదికి 5 లక్షల దాకా, ఇంట్లో ఎంతమంది ఉన్నా, ఏ వయసైనా వర్తిస్తుంది. బెంగళూరు, చెన్నైలలో పనిచేసేవాళ్లకు ఇది ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది. 14555కి ఫోన్ చేసి పేరుందో లేదో కనుక్కోండి. ఒక హెచ్చరిక: 14 అంకెల ఆభా నంబరు ఉంటే బీమా ఉన్నట్టు కాదు. అది మీ వైద్య రికార్డులు దాచుకునే గుర్తింపు నంబరు మాత్రమే. ఆభా కార్డు చేతిలో పెట్టుకుని ఆపరేషన్ ఉచితమనుకుని వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులతో సహా. ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. వైకల్య ధ్రువపత్రం మాత్రం ఉండాలి, అందుకే యూడీఐడీ కార్డు, అంటే వైకల్య గుర్తింపు కార్డు, ముందు చేయించండి.

ఏదీ వర్తించకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. చికిత్సకు ముందైతే ఎల్‌ఓసీ, అంటే ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ప్రభుత్వం ఇచ్చే హామీ పత్రం; తర్వాతైతే బిల్లులతో దరఖాస్తు. ఎస్టిమేషన్ లెటర్ అసలు ప్రతి మీద డాక్టర్ సంతకం, ఆసుపత్రి ముద్ర ఉండేలా చూసుకోండి. ఎమ్మెల్యే ఆఫీసులో దరఖాస్తు నింపడానికి సాయం చేస్తారు.

వీటిలో దేనికీ మధ్యవర్తి అక్కర్లేదు. కార్డు చేయిస్తాం, అప్రూవల్ తెప్పిస్తాం అని డబ్బు అడిగేవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

8. పని ఆగిపోతే ఎవరిని అడగాలి?

మొదట 104. ఫిర్యాదు నంబరు తీసుకోండి, మాట్లాడిన తేదీ రాసుకోండి. తర్వాత పథకం జిల్లా కోఆర్డినేటర్. టీకాలు, ఆర్‌బీఎస్‌కే, ఆశా సేవల గురించి అయితే జిల్లా వైద్యాధికారి, అంటే డీఎంహెచ్‌ఓ. అంగన్‌వాడీ గురించైతే ఐసీడీఎస్ సూపర్‌వైజర్. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లి అర్జీ ఇవ్వండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక.

అర్జీ ఒక్క పేజీ చాలు. బిడ్డ పేరు, వయసు, జబ్బు, కేసు నంబరు, ఎప్పుడు ఎక్కడికి వెళ్తే ఏమన్నారు, ఇప్పుడు మీకేం కావాలి. కోపమంతా రాయకండి, తేదీలు రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకుని ఫోల్డర్‌లో పెట్టుకోండి.

పిల్లల మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. బిడ్డను ఎవరైనా హింసిస్తున్నా, వదిలేసినా 1098కి ఫోన్ చేయండి. పక్కింటి బిడ్డ గురించి కూడా మీరు చేయవచ్చు.